సోఫా కేసు

మంగళవారం వచ్చిందంటే లోర్నాకి రెండు చోట్ల చాకిరీ. పొద్దున్నే రెండు వీధుల అవతల ఉండే అత్తగారింటికి వెళ్ళి, ఆవిడ మందుబిళ్ళలు వారానికి సరిపడా డబ్బాలో సర్ది, పదింటికల్లా కోర్టులో ఉండాలి. కోర్టంటే వాదించడానికో, సాక్ష్యం చెప్పడానికో కాదు. మొగుడి ఇళ్ళల్లో అద్దెకు దిగుతామని అర్జీ పెట్టుకున్న కాలేజీ పిల్లల మీద నేరాలేమైనా ఉన్నాయేమో చూసి రావడానికి.

యూనివర్సిటీ చుట్టుపక్కల క్రెయిగ్‌కి పదకొండు ఇళ్ళున్నాయి. ప్రతి ఆగస్టులోనూ అవి ఖాళీ అయ్యి మళ్ళీ నిండుతాయి. క్లర్కు ఆఫీసులో, కౌంటర్‌కి ఇవతల గోడవారగా ఒక పాత కంప్యూటర్ ఉంటుంది. ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరి పేరైనా కొట్టొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. ఈ పని చేసిపెట్టే కంపెనీలు లేకపోలేదు. కాకపోతే అవి ఊరికే చెయ్యవు, లోర్నా చేస్తుంది. "నువ్వెలాగూ ఖాళీయే కదా" అన్నాడు క్రెయిగ్ పంతొమ్మిదేళ్ళ కిందట, ఆమె ఒక చేత్తో పాప జడ పట్టుకుని ఇంకో చేత్తో పొయ్యి మీద సూప్ కలుపుతుండగా. ఆ ఉత్తర్వు ఇప్పటికీ అమల్లోనే ఉంది.

క్రెయిగ్ నియమం ఒక్కటే: పెద్ద నేరం, అంటే ఫెలనీ, ఉన్నవాళ్ళకి ఇల్లివ్వడు. లోర్నా పేర్ల పక్కన టిక్కో ఇంటూయో పెట్టి కాగితం తెచ్చిస్తే చాలు, కారణం అడగడు. అడగడు కాబట్టి అతనికి తెలియని సంగతి ఒకటుంది. ఈ ఊళ్ళో యూనివర్సిటీ జట్టు ఫుట్‌బాల్‌లో గెలిస్తే వరండాలో సోఫాని రోడ్డు మీదికి లాక్కొచ్చి తగలబెడతారు. ఓడినా తగలబెడతారు, బాధ తీరడానికి. వరండాల్లో సోఫాలు ఉంచకూడదని ఊరి పెద్దలు చట్టం చేస్తే, అప్పట్నించీ హాల్లోంచి మోసుకొస్తున్నారు. మంట ఇంటి మెట్లకి అంటుకుందంటే అది ఫెలనీ. అలాంటి కేసు కనిపించినప్పుడల్లా లోర్నా నిదానంగా టిక్కు పెట్టేది. ఇన్నేళ్ళలో క్రెయిగ్ ఇళ్ళల్లో కాపురమున్నవాళ్ళల్లో తొమ్మిదిమంది సోఫాలు కాల్చినవాళ్ళు. అందులో ఇద్దరు పెరట్లో టొమాటోలు కూడా పండించారు.

వాళ్ళ మీద ఆమెకంత ప్రేమ ఎందుకంటే, తనదీ అదే కులం. తొంభై నాలుగు అక్టోబరులో, తన ఇరవయ్యో ఏట, లోర్నా కూడా ఒక సోఫా కాల్చింది. సోఫా క్రెయిగ్ అద్దెకున్న ఇంటిది. ఆలోచన క్రెయిగ్‌ది. ఒకవైపు ఆమె పట్టుకుంటే రెండో వైపు పట్టుకున్నది క్రెయిగ్. పోలీసు కారు మలుపు తిరగ్గానే ఆ రెండో వైపు మాయమైంది. ఒకవైపు మాత్రం దొరికిపోయింది. క్రెయిగ్ తండ్రి పెట్టిన వకీలు, "జడ్జి ఏమడిగినా 'అవును సర్' అనమ్మా, చాలు" అన్నాడు. పదకొండుసార్లు అంది. ఏడోదాని నుంచి ఆమెకేమీ వినపడలేదు. జైలుకి బదులు మూడేళ్ళు ప్రొబేషన్, నెలనెలా ఆఫీసులో సంతకం, చదువు మధ్యలో ఆగింది, మధ్యలోనే పెళ్ళయింది. మూడేళ్ళూ గడిచాక ఒకరోజు క్రెయిగ్ కాఫీ తాగుతూ, "నీ శిక్ష అయిపోయిందట. మచ్చ మాత్రం పోదనుకో" అన్నాడు, వాతావరణం గురించి చెబుతున్నట్టు.

చదువు తర్వాత ఎలాగో సాయంత్రం క్లాసుల్లో పూర్తి చేసింది. మచ్చతో కాపురం చెయ్యడానికి అలవాటు పడింది. స్కూల్లో పాప క్లాసు మ్యూజియం యాత్రకి తోడు రావాలంటే ఒక ఫారం నింపాలి, అందులో ఫెలనీ ఏమైనా ఉందా అని అడిగే గడి ఉంటుంది. తలనొప్పి అని చెప్పి మానేసింది. లైబ్రరీలో ఉద్యోగం పడితే అప్లికేషన్ ఇంటికి తెచ్చి, ఆ గడి దాకా నింపి, వెనకవైపు కిరాణా సరుకులు రాసుకుంది. ఓటు సంగతీ అంతే. "ఫెలనీ ఉన్నవాళ్ళకి ఉండదులే" అన్నాడు క్రెయిగ్, ఆమె కూడా విచారించలేదు. వందలమంది పేర్లు కొట్టిన ఆ కంప్యూటర్లో తన పేరు ఎన్నడూ కొట్టలేదు. కొట్టినా కనిపించదు, అందులో తొంభై ఏడుకి ముందు కేసులు లేవు. పాతవన్నీ కౌంటర్ వెనక గదిలో కాగితాల మీదే ఉన్నాయి. అవి కావాలంటే చీటీ మీద పేరు రాసి అక్కడి క్లర్కు జోలీన్‌కి ఇవ్వాలి.

ఆ జోలీనే ఆ మంగళవారం కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "లోర్నా, ఇలా రా తల్లీ" అంది. "నేను సెప్టెంబరులో దిగిపోతున్నా. మోకాళ్ళు రాజీనామా ఇచ్చి ఆరేళ్ళయింది, మిగతాదాన్ని కూడా పంపేస్తున్నా. ఈ కుర్చీ ఖాళీ. నువ్వు అర్జీ పెట్టు."

"నేనా?"

"మరి ఇంకెవరు? వేసవి ఉద్యోగానికి వచ్చే పిల్లలకి ఏ కేసు ఎక్కడుందో నువ్వు చెబుతుంటే నేను వినడంలేదా? జీతం లేకుండా చేస్తున్నది జీతం తీసుకుని చెయ్యి. శుక్రవారం ఆఖరు." అప్లికేషన్ కౌంటర్ మీద నుంచి ఇటు తోసింది. లోర్నా అలవాటుగా వెనక్కి తిప్పి చూసింది. ఆ గడి ఉంది. ఏదైనా ఫెలనీలో దోషిగా తేలారా? అవును, కాదు.

ఆ సాయంత్రం అత్తగారు భోజనానికి వచ్చింది. ఫిలిస్‌కి ఎనభై రెండేళ్ళు. చెవులు తప్ప అన్నీ బాగా పనిచేస్తాయి, తనకి కావలసినవి వినడానికి చెవులు కూడా. లోర్నా బఠానీలు వడ్డిస్తూ ఉద్యోగం మాట చెప్పింది.

"కోర్టులోనా?" అంది ఫిలిస్. "అమ్మాయ్, అటు వైపు కూచునేవాళ్ళకీ ఇటు వైపు నిలబడేవాళ్ళకీ తేడా ఉంటుంది. జోలీన్ ఏదో మొహమాటానికి అనుంటుంది."

"ఫారంలో అడుగుతారు లోర్నా, నీకు తెలుసుగా" అన్నాడు క్రెయిగ్, మెత్తగా. అతను కఠినంగా ఎప్పుడూ మాట్లాడడు, అవసరం రాలేదు. "ఊరంతా తెలిసిన చోట నీకెందుకా అవమానం? పైగా ఆగస్టు వస్తోంది. నలభై పేర్లున్నాయి."

"బఠానీలు ఇంకొంచెం ఉడకాల్సింది" అంది ఫిలిస్.

గిన్నెలు కడుగుతూ ఆలోచిస్తే లోర్నాకి ఒక విషయం విచిత్రంగా తోచింది. క్రెయిగ్ ఒక్క పంపు మార్చినా రసీదు దాస్తాడు. ఏ ఇంటి కాగితమైనా రెండు కాపీలు ఉంటాయి. అంతటి మనిషింట్లో తన కేసుది మాత్రం ఒక్క కాగితమైనా తను చూడలేదు. అద్దెకొచ్చే ముక్కూమొహం తెలియని పిల్లవాడి ఫైలైతే చివరి పేజీ దాకా చూస్తుంది, ఎందుకంటే మొదటి పేజీలో ఎప్పుడూ ఘోరంగానే ఉంటుంది, అసలు సంగతి చివర తేలుతుంది. తన విషయంలో మాత్రం మొగుడు చెప్పిన మాటే తీర్పనుకుంది.

గురువారం వెళ్ళింది. లిస్టు తీసుకెళ్ళలేదు. చీటీ మీద రెండు గీతలుంటాయి: ఎవరి ఫైలు కావాలి, అడిగేది ఎవరు. పై గీత మీద పుట్టింటి పేరుతో లోర్నా టాగర్ట్ అని రాసింది. కింద లోర్నా హాల్వర్సన్ అని రాసింది. ఒకే చేతిరాత. దాన్ని కౌంటర్ మీద బోర్లించి పెట్టి, అది పిల్లచేష్టలా అనిపించి, తిరగేసింది.

జోలీన్ చదివింది. మొహంలో ఏ మార్పూ లేదు. లోపలికి వెళ్ళి పల్చటి గోధుమరంగు ఫైలు తెచ్చింది. మామూలుగా అయితే బల్ల దగ్గరికెళ్ళి చదువుకోమంటుంది. ఇవాళ తన స్టూలే ఇటు అందించింది.

మొదటి పేజీ ఎప్పట్లాగే ఘోరంగా ఉంది. రెండోది పోలీసాయన రాసుకున్నది. "సోఫాకి ఒకవైపు ఈ అమ్మాయి, రెండో వైపు ఒక యువకుడు ఉండగా చూశాను. అతను పారిపోయాడు. ఈమె పారిపోలేదు. పక్కింటివారి సైకిల్‌ని మంటకి దూరంగా జరుపుతోంది. అతని పేరేమిటని మూడుసార్లు అడిగాను. చెప్పలేదు." లోర్నాకి సైకిల్ సంగతే గుర్తులేదు. నవ్వొచ్చింది. కొంప అంటుకుంటున్నా సర్దడమే.

చివరి పేజీకి వెళ్ళింది. ప్రొబేషన్ సక్రమంగా పూర్తిచేసినందున నేరాంగీకారం రద్దు చేయడమైనది. కేసు కొట్టివేయడమైనది. ఈమెను ఏ విధంగానూ దోషిగా పరిగణించరాదు. కింద జడ్జి సంతకం, తొంభై ఎనిమిది మార్చి. దానికి పిన్ను గుచ్చి ఆకుపచ్చ కార్డొకటి ఉంది, రిజిస్టరు ఉత్తరం అందినట్టు పోస్టువాళ్ళు తీసుకునే సంతకం. అద్దె ఒప్పందాల మీద ఏటా పదకొండుసార్లు ఆమె చూసే సంతకమే అది.

ఆమె మళ్ళీ చదివింది. కొట్టివేయడమైనది. ఇరవై అయిదేళ్ళు.

"నీకు తెలుసా?" అంది చివరికి.

"నేనిక్కడ ముప్ఫై ఒక్కేళ్ళుగా ఉన్నా తల్లీ. ఆ కాగితం ఫైల్లో పెట్టింది నేనే" అంది జోలీన్. "లేకపోతే కుర్చీ ఖాళీ అని నీతో ఎందుకంటాను? నీకు తెలుసనుకున్నా." లోర్నా మొహం చూసి, కొంచెం భయంగా, "తెలీదా?" అంది.

ఇంటికొచ్చేసరికి క్రెయిగ్ గ్యారేజీలో గడ్డికోసే యంత్రం విప్పి కూచున్నాడు. లోర్నా గుమ్మంలో నిలబడింది. దారిపొడుగునా గొంతు వణుకుతుందేమో అనుకుంది కానీ, పాలు అయిపోయాయని చెప్పే గొంతే వచ్చింది.

"తొంభై ఎనిమిదిలో కోర్టు నుంచి నాకో ఉత్తరం వచ్చింది. నువ్వు సంతకం పెట్టి తీసుకున్నావు."

"ఏనాటి సంగతి అది? నాకేం గుర్తుంటుంది?"

"ఎక్కడ పెట్టావు?"

"ఇనప్పెట్టెలో, ఇంటి దస్తావేజుల కింద" అన్నాడు వెంటనే. అని, స్పానర్ కోసం వెతకసాగాడు. అది చేతిలోనే ఉంది.

"చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు కడుపుతో ఉన్నావు, అమ్మకి ఆపరేషన్... తర్వాత మరి ఆ మాటే రాలేదు."

"రాలేదా? పోయిన థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల దగ్గర మీ అమ్మ అందరి ముందూ, 'మా కోడలికి పోలీసులతో పాత పరిచయం' అంది. నువ్వు నవ్వి టర్కీ కోడి ఇంకో ముక్క వేసుకున్నావు."

"అమ్మ సంగతి నీకు తెలుసుగా."

"నీ సంగతే తెలీలేదు."

క్రెయిగ్ చేతులు తుడుచుకున్నాడు. అతని మొహంలో తప్పు చేసిన ఛాయలేమీ లేవు, అదే ఆమెకి వింతగా ఉంది. కొంచెం విసుగూ, కొంచెం నొప్పీ ఉన్నాయి, ఎవరో అనవసరంగా తన సొరుగు వెతికినట్టు. "సరే లోర్నా, చెప్పాననే అనుకో. ఏం చేసుండేదానివి? ఇంట్లో నీకేం తక్కువ చేశాను?"

అడగాల్సిన ప్రశ్నే. ఆమె నిజంగానే ఆలోచించింది. పాపతో మ్యూజియానికి వెళ్ళి ఉండేది, అంతవరకు ఖాయం. లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ ఉండేదేమో, అక్కడా విసుగెత్తి మానేసి ఉండేదేమో. "నువ్వెలాగూ ఖాళీయే కదా" అన్ననాడు, కాదు అని ఉండేదేమో. లేక ఇదే ఇంట్లో ఇవే బఠానీలు ఉడికిస్తూ ఉండేదేమో, అప్పుడైనా అది తను ఎంచుకున్న వంటగది అయి ఉండేది. పోలీసాయన మూడుసార్లు అడిగినా చెప్పని పేరు ఎదురుగా స్పానర్ పట్టుకుని జవాబు కోసం చూస్తోంది. ఈ మనిషి మీద కోపం రావాలి. వస్తుంది, దారిలో ఉంది. ఈలోగా జవాబు చెప్పాలి.

"నాకు తెలీదు" అంది. "తెలుసుకోనిచ్చావా?"

క్రెయిగ్ స్పానర్ కింద పెట్టాడు. అలవాటు ఎంత బలమైనదంటే, "రేపు కోర్టుకెళ్తావు కదా? ఆ నలభై పేర్లూ..." అన్నాడు.

"వెళ్తాను" అంది లోర్నా.

శుక్రవారం పొద్దున్న కాఫీ ఒక్క కప్పే పెట్టుకుని వంటింటి బల్ల ముందు కూచుంది. ఫిలిస్ రెండుసార్లు ఫోన్ చేసింది, మోగనిచ్చింది. ఆ గడి దగ్గర 'కాదు' మీద గీసిన టిక్కు అవసరమైనదానికంటే పెద్దగా వచ్చింది. పాత ఉద్యోగాలు అన్న చోటికొచ్చి పెన్ను ఆపింది. ఖాళీగా వదిలేద్దామా అనుకుంది ఒక క్షణం. ఆ తర్వాత గుండ్రటి అక్షరాలతో నింపసాగింది. చేసిన పని: నేర రికార్డుల పరిశీలన. ఎంతకాలం: పంతొమ్మిదేళ్ళు. యజమాని: క్రెయిగ్ హాల్వర్సన్. జీతం దగ్గర అడ్డగీత. యజమానిని మేము సంప్రదించవచ్చా? తప్పకుండా.

మానేయడానికి కారణం అన్న గడి చాలా చిన్నది. అందులో, "నా ఫైలు చదివాను" అని రాసింది.