చేప పడని వీడియో

తమ్ముడు రెండో కుర్చీ వదిలేసి, పెద్దరోడ్డు మీద అద్దాల మేడలో సొంత సెలూన్ పెట్టుకున్నాక కత్తెరన్నకు ఈగలు తోలుకోవడమే పనయింది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వీధి వీధంతా ఆయన్ను కత్తెరన్న అనే పిలిచేది. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి పనిచేసినన్నాళ్లూ ఆ ఇరుకు గదిలో ఒక కత్తెర చప్పుడుకు ఇంకో కత్తెర వంత పాడేది. ఒకరు మొదలుపెట్టిన వెటకారాన్ని ఇంకొకరు అందుకునేవారు. ఇప్పుడు పొద్దున ఇద్దరో ముగ్గురో వస్తారు, సాయంత్రం ఇంకొందరు. మధ్యలో మధ్యాహ్నం మాత్రం ఎంతకీ తెమలదు. పెళ్లిమాట ఎత్తినప్పుడల్లా "చూద్దాంలే" అని దాటేసిన మనిషి కాబట్టి ఇంటికి పోయినా అన్నం తిన్నావా అని అడిగే దిక్కులేదు. తమ్ముడి మీద కోపమా అంటే అదీ లేదు. కోపమైనా ఉంటే కొంత కాలక్షేపంగా ఉండేది.

ఒకరోజు గోడమీది టీవీలో వార్తలవాళ్లు గొంతులు చించుకుంటుంటే చిరాకేసి రిమోట్ మీద ఏదో నొక్కాడు. అరుపులు ఠక్కున ఆగిపోయాయి. తెరమీద ఒక నది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ముసలాయనొకడు తొడల్లోతు నీళ్లలో నిలబడి, పొడుగాటి సన్నని గాలంకర్రను ముందుకీ వెనక్కీ ఊపుతున్నాడు. కర్ర చివరినుంచి దారం గాలిలోకి లేచి, మెలిక తిరిగి, చాచుకుని, మళ్లీ మెలిక తిరుగుతోంది. ఆ దారం కొసన వానపామూ లేదు, పిండిముద్దా లేదు. ఈకలూ నూలూ కలిపి కట్టిన ఉత్తుత్తి ఈగ ఉంది. దాన్ని ఆయన నీళ్లమీద ఎంత మెల్లగా దించాడంటే, నిజం ఈగ కూడా అంత మర్యాదగా వాలదు. దీన్నే ఫ్లై ఫిషింగ్ అంటారని కింద రాసి ఉంది. కత్తెరన్న చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. చివరికి వీడియో అయిపోతే ఇంకోటి పెట్టుకున్నాడు.

ఆ మర్నాడో ఆ మరుసటి రోజో ఒక పెద్దాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నున్నటి గుండు, దీపం పెడితే జారిపడేటంత నున్నన. గడ్డం కూడా అప్పుడే గీసుకుని వచ్చాడు. కత్తెరన్న ఆయన్ను పైనుంచి కిందికి చూసి, కత్తిరించడానికి ఏమీ కనబడక, "ఏం చేయమంటారు బాబాయ్?" అన్నాడు.

"నువ్వేం చేయక్కర్లేదు అబ్బాయ్. రోడ్డు మీంచి ఆ నీళ్లు కనిపించాయి. కాసేపు కూర్చోవచ్చా?"

ఖాళీగా ఉన్నది రెండో కుర్చీయే. పెద్దాయన అందులో కూర్చుని, కుర్చీని టీవీ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజునుంచి మధ్యాహ్నం భోజనాలు అయ్యాయంటే చాలు, ఆ కుర్చీలో ఆయన ఉండాల్సిందే.

ఆయన పనిచేసినన్నాళ్లూ క్రేను నడిపాడట. కట్టే మేడలకంటే ఎత్తున, మనిషి పట్టేటంత గాజు గదిలో, పొద్దున ఎక్కితే సాయంత్రం దిగడమే. "నేనూ గాలం వేసినవాణ్ణేనోయ్. నా గాలానికి ఇనుప చువ్వలు పడేవి, ఇటుకలు పడేవి. ఒకసారి పొరపాటున మేస్త్రీగారి సైకిల్ కూడా పడింది" అని చెప్పి తనే నవ్వాడు. అంత ఎత్తున మాట్లాడే మనిషి లేక తనతో తాను మాట్లాడుకునే అలవాటైందట. దిగాక ఆ అలవాటు పోలేదు, వినేవాళ్లే దొరకలేదు.

కొన్నాళ్లకు ఇద్దరికీ ఏ వీడియో మంచిదో, ఏది పనికిరానిదో కచ్చితమైన అభిప్రాయాలు ఏర్పడ్డాయి. పాట పెట్టినవి ఇద్దరికీ నచ్చేవి కావు. "నదికి సొంత పాట ఉండగా పైన ఇంకో పాటెందుకు? పెళ్లికూతురికి పెళ్లికూతురి బొమ్మ తగిలించినట్టు" అనేవాడు క్రేనాయన. చేపను కెమెరాకు అడ్డంగా పట్టుకుని పళ్లికిలించేవాళ్లంటే కత్తెరన్నకు గిట్టదు. ఎన్ని పట్టామో లెక్క చెప్పేవాళ్లను మొదట్లోనే మార్చేసేవారు. ఆకుపచ్చ టోపీ ఆయన మాత్రం వేరు. గొంతే వినిపించదు. చేప తప్పించుకుపోతే "హుఁ" అంటాడు, అంతే. ఒకసారి పాచిరాయి మీద కాలు జారి కూలబడ్డాడు. లేచి, చుట్టూ చూసి, ఎవరూ లేరని తెలిసీ చిన్నగా నవ్వాడు. క్రేనాయన ఆ ముక్కను వెనక్కి తిప్పించుకుని మళ్లీ చూశాడు. "పడ్డందుకు కాదబ్బాయ్. ఆ నవ్వు ఎవరికోసం నవ్వాడో చూడు" అన్నాడు.

దారం గాలిలో వెనక్కి పోయినప్పుడు టోపీ ఆయన ఒక్క క్షణం ఆగుతాడు. అది పూర్తిగా చాచుకున్నాకే ముందుకు విసురుతాడు. ఆ ఆగే క్షణంలో ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. ఇక చేప పడిందంటే పండగే. కానీ అన్నిటికంటే కత్తెరన్నకు ఇష్టమైంది ఆ తర్వాతిది. ముసలాయన తడిచేతులతో చేపను నీళ్లలోనే, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటాడు. అది కాసేపు మొప్పలు ఆడిస్తుంది. ఒంట్లో సత్తువ వచ్చాక, ఆయన చేతులు తెరవకముందే తోక విదిలించి వెళ్లిపోతుంది. ఆ చేతులు మాత్రం ఇంకా కాసేపు నీళ్లలోనే ఉంటాయి.

వచ్చేపోయేవాళ్లకు ఇదంతా విడ్డూరంగా ఉండేది. స్కూలు వ్యాను డ్రైవరొకడు గడ్డం గీయించుకుంటూ, "పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేయడమేంటన్నా? పనీపాటా లేక కాకపోతే!" అన్నాడు.

"నువ్వు రోజూ పిల్లల్ని ఇంటి దగ్గర పట్టుకుని బడి దగ్గర వదిలేయట్లేదూ?" అన్నాడు క్రేనాయన.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు బాబాయ్" అని కత్తెరన్న అనేసి, నాలుక కరుచుకున్నాడు. గదిలో అందరూ క్రేనాయన తల వైపు చూశారు. పెద్దాయన అరచేత్తో గుండు నిమురుకుని, వంగి మోకాలు తడుముకుని, "అందుతోందిలే" అన్నాడు. డ్రైవరు నవ్వీ నవ్వీ కదిలిపోతుంటే కత్తెరన్న కత్తి పక్కన పెట్టాల్సి వచ్చింది. తమ్ముడు వెళ్లిపోయాక ఆ గదిలో అంత నవ్వు అదే మొదలు.

వాళ్లకు అన్నిటికంటే ప్రియమైన వీడియోలో అసలు చేపే పడదు. ఆకుపచ్చ టోపీ ఆయన పొద్దున నదిలోకి దిగుతాడు. విసురుతాడు, ఈగ మారుస్తాడు, ఇంకో మడుగు దగ్గరికి నడుస్తాడు. వాన వస్తే చెట్టుకింద నిలబడి రొట్టె తింటాడు. వాన వెలిశాక నీళ్లమీద ఆవిరి లేస్తుంది. మళ్లీ విసురుతాడు. పొద్దువాలుతుంది. దారం చుట్టుకుని, నదిని ఒకసారి చూసి వెళ్లిపోతాడు. అంతే. "ఇది ఎందుకు పెట్టాడంటావ్ బాబాయ్?" అని అడిగాడు కత్తెరన్న మొదటిసారి చూసినప్పుడు. క్రేనాయన చాలాసేపు ఆలోచించి, "వాడికి ఆరోజు బాగుందేమో" అన్నాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు క్రేనాయన రాలేదు. తడుస్తాడని రాలేదేమో అనుకున్నాడు కత్తెరన్న. వాన తగ్గింది, అయినా రాలేదు. ఆకుపచ్చ టోపీ ఆయన కొత్త వీడియో వచ్చింది. ఒక్కడే చూడబుద్ధి కాక దాన్ని అలాగే ఉంచాడు. ఎవరైనా రెండో కుర్చీలో కూర్చోబోతే, "ఇటు రండి, అది సరిగా తిరగదు" అని అబద్ధమాడాడు. చివరికి ఒక మధ్యాహ్నం షట్టర్ దించి బయలుదేరాడు. ఇన్నాళ్లూ పక్కన కూర్చున్న మనిషి ఇల్లెక్కడో తనకు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. మందుల షాపులో అడిగితే, "గుండాయనా? బ్యాంకు వెనక మూడంతస్తుల మేడలో పైన" అన్నారు.

తలుపు తీసిన ఆమెకు నలభై ఏళ్లుంటాయి. కూతురట. నాన్న బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడని, ఆపరేషన్ అయిందని, తనతో తీసుకుపోవడానికి వచ్చానని చెప్పింది. "మీరేనా సెలూన్? లోపలికి రండి. నేను వచ్చినప్పటినుంచి చేపల గోలే."

క్రేనాయన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం తెల్లగా పెరిగి, మనిషి చిక్కి సగమయ్యాడు. ఎదురుగా గోడ నిండా టీవీ. సెలూన్ టీవీ లాంటివి నాలుగు పడతాయి అందులో.

"ఇంత పెద్ద టీవీ ఇంట్లో పెట్టుకుని నా అగ్గిపెట్టె చూడ్డానికి వచ్చేవాడివా బాబాయ్?" అన్నాడు కత్తెరన్న.

"ఇందులోనూ చూశానోయ్. చేపలు బాగా పెద్దగా కనిపిస్తాయి" అన్నాడు క్రేనాయన. కాసేపు దుప్పటి అంచు సర్దుకున్నాడు. "కానీ చూడు, చేప తప్పిపోయినప్పుడు అయ్యో అంటాం కదా. ఒక్కణ్ణే అయ్యో అంటే, ఆ మాట గదిలో అలా వేలాడుతూ ఉంటుందబ్బాయ్. దిగదు."

కత్తెరన్న లేచాడు. కూతుర్ని వేణ్ణీళ్లు అడిగి తీసుకుని, ఇంట్లో ఉన్న రేజరుతోనే ఆయన గడ్డం గీశాడు. ఇన్నాళ్ల పరిచయంలో ఆయన ముఖం మీద చేయి వేయడం అదే మొదటిసారి. చెంపలు మెత్తగా, లోపలికి పోయి ఉన్నాయి. గీస్తుండగా కొత్త వీడియో పెట్టారు. ఒక పెద్ద చేప దారం తెంచుకుపోయింది. ఇద్దరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. వంటింట్లోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది, ఎక్కడ తెగిందోనని.

ఆ వారంలోనే క్రేనాయన్ను తీసుకెళ్లిపోయారు. రైల్లో ఒక పగలు ప్రయాణం. కూతురు తన నంబరు ఇచ్చి, "అప్పుడప్పుడూ మాట్లాడండి" అంది. కత్తెరన్న ఒకటి రెండుసార్లు మాట్లాడాడు. కాళ్లెలా ఉన్నాయి, మందులు వేసుకుంటున్నావా, ఇంతకుమించి మాట సాగలేదు. వాళ్లిద్దరి స్నేహం మాటల్లో పెరిగింది కాదు మరి. సెలూన్లో వీడియో పెడితే, మెడ దానంతటదే పక్కకు తిరిగేది. టీవీ కట్టేసి దువ్వెనలు కడుక్కునేవాడు.

ఒక సెలవురోజు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఊరు దాటిపోయే బస్సెక్కి వంతెన దగ్గర దిగాడు. నది ఉంది కానీ తెరమీది నది కాదు. మట్టిరంగు నీళ్లు, గట్టున ప్లాస్టిక్ సీసాలు, ఒడ్డున ఎవరో ఉతికి ఆరేసిన గోనెసంచులు. రబ్బరు చెప్పుల మనిషొకడు వెదురు గాలం వేసి కూర్చున్నాడు. పక్కన బకెట్లో వేలెడంత చేపలు రెండు. కత్తెరన్న వెనక నిలబడితే ఆ మనిషి తల తిప్పకుండానే, "కూర్చోండి. నీడ నీళ్లలో పడుతోంది" అన్నాడు.

కూర్చున్నాడు. చాలాసేపయ్యాక ఫోన్ తీశాడు.

"ఏంటబ్బాయ్, ఏదో చప్పుడవుతోంది?" అన్నాడు క్రేనాయన. గొంతు పీలగా ఉంది.

"నది దగ్గరున్నా బాబాయ్."

"ఎవరైనా చేపలు పడుతున్నారా?"

"ఒకాయన ఉన్నాడు. వానపాము ఎర."

"ఎరదేముందిలే. నీళ్లెలా ఉన్నాయి?"

కత్తెరన్న చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్లు వంతెన స్తంభం దగ్గర రెండుగా చీలి కిందికి వచ్చి కలుస్తున్నాయన్నాడు. గాలం దారానికి కట్టిన బెండు కదలడం లేదన్నాడు. ఒక తెల్లకొంగ వచ్చి అవతలి గట్టున వాలిందన్నాడు. ప్రతిదానికీ క్రేనాయన "ఊఁ" కొడుతున్నాడు. చెప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు, "ఇక మాట్లాడకు. ఫోన్ నీళ్ల దగ్గర పెట్టు" అన్నాడు.

కత్తెరన్న వంగి, చేయి చాచి, ఫోన్ను నీళ్లమీదుగా పట్టుకున్నాడు. రబ్బరు చెప్పుల మనిషి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి జరిగి కూర్చున్నాడు. చేయి లాగేదాకా అలాగే ఉండి, తర్వాత చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి మాత్రం వినబడింది. వింటున్నాడో, పడుకున్నాడో తెలియలేదు. కాసేపటికి కూతురి గొంతు వచ్చింది. "నాన్న నిద్రపోయారండీ. ఉంటాను మరి."

రబ్బరు చెప్పుల మనిషి దారం చుట్టుకుని, బకెట్ ఎత్తుకుని లేచాడు. "చీకటి పడితే బస్సు ఉండదు. మీరు రారా?" అన్నాడు.

"మీరు పదండి. కాసేపుండి వస్తా" అన్నాడు కత్తెరన్న.