పొగ తాగే హక్కు నాకొక్కదానికే

నేను ఒక పొగడబ్బాను. ఈ ఇంట్లో పొగ తాగే హక్కు నాకొక్కదానికే ఉంది. ఇక్కడ తేనెటీగలు పెంచిన మొదటి మనిషి పేరయ్యగారు చుట్ట మానింది కూడా వాటి వల్లే. చుట్ట వాసన గిట్టక ఈగలు ఆయన్ని గురిచూసి మీసం మీదే కుట్టేవట. పైపెదవి వాచి, మూడు రోజులు మజ్జిగ మీద బతికాక ఆయన సత్తెనపల్లి వెళ్ళి, రేకు పని చేసే సాయిబుగారి ముందు ఖాళీ నూనెడబ్బా పెట్టారు.

"ఇకనించి నా బదులు ఇది తాగుద్ది, చెయ్యి సాయిబూ!"

అలా పుట్టాను. ముక్కుకి రేకు గరాటు అతికారు. ఊపిరికి తిత్తి కావలసి వచ్చింది. పేరయ్యగారు నాటకాలకు హార్మోనియం వాయించేవారు. పాడైపోయిన ఆ పెట్టె తిత్తి విప్పి నాకు కట్టించారు. అందుకే ఈనాటికీ నన్ను నొక్కితే పొగకంటే ముందు సన్నగా ఒక రాగం వస్తుంది. అది ఏ రాగమో ఊళ్ళో ఇంకా తేలలేదు.

నా పని చిన్నది. కొబ్బరి పీచో గోనె ముక్కో నా కడుపులో రగిలించి, తేనెపెట్టె మూత తీసేముందు రెండుసార్లు ఊదుతారు. ఎక్కడో నిప్పంటుకుందనుకుని ఈగలు కడుపునిండా తేనె తాగేస్తాయి. కడుపు నిండాక ఎవరికీ కుట్టబుద్ధి కాదు. ఈ సూత్రం మనుషులకూ పనిచేస్తుందని పేరయ్యగారి భార్య కనిపెట్టి, ఆయన్ని ఏం అడగాలన్నా భోజనమయ్యాకే అడిగేది.

ఆయన తర్వాత నేను కొడుకు వీరాంజనేయులుగారి చేతికి వచ్చాను. ఐదు పెట్టెలను ఆయన నలభై చేశారు. కానుగ పూస్తే ఒక ఊరికి, పొద్దుతిరుగుడు పూస్తే ఇంకో ఊరికి, పెట్టెలతోపాటు నన్నూ ట్రాక్టరెక్కించి తిప్పారు. ఆయన దిగులల్లా కొడుకు సుధీరే. ఒక్క ఈగ జుమ్మంటే చాలు, ఆ అబ్బాయి పక్క ఊళ్ళో తేలేవాడు. చూసేవాళ్ళు లేరు, నడుమా పట్టేసింది, పెట్టెలన్నీ నరసరావుపేటలో ఒక వ్యాపారికి అమ్మేద్దామని ఆయన నిశ్చయించుకున్న నెలలోనే సుధీర్‌కు పెళ్ళయింది.

కోడలి పేరు హిమజ. బోటనీలో డిగ్రీ. వచ్చిన రెండో రోజే నా మూత తీసి లోపలికి "బావున్నావా?" అంది. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. తేనె కారుతున్న మైనం ముక్క సగం తను నమిలి, సగం సుధీర్ నోట్లో పెట్టింది. అతను కళ్ళు మూసుకుని నమిలాడు. మైనం నమలడానికి కళ్ళెందుకు మూయాలో నాకు తెలియదు. నేను డబ్బాను.

"మావయ్యా, పెట్టెలు అమ్మొద్దు. నేను చూసుకుంటాను."

"పుస్తకంలో ఈగలు కుట్టవమ్మాయ్."

"ఒక్క పెట్టె తెరవనివ్వండి, చూద్దురుగాని!"

ఆయన స్కూటర్ తాళం వేలికి తగిలించి తిప్పారు. ఆ సాయంత్రమే వ్యాపారికి మాట ఇచ్చి రావాలి. "సరే, తెరువు. తేనె తీసి మళ్ళీ మూసెయ్. ఈగలు పెట్టె వదిలినయ్యా, నేను బండెక్కుతా."

హిమజ ముఖానికి ముసుగు కట్టుకుంది. "సుధీ, ఒక గోనె ముక్క తెచ్చిపెట్టవూ!"

ఈగలకు దూరంగా చేసే పని దొరికిందన్న సంబరంలో సుధీర్ కొట్టంలోకి పరిగెత్తి, చేతికందిన గోనె చింపుకొచ్చాడు. అది నిరుడు ఎండుమిరపకాయలు నింపిన గోనె.

నా బతుకులో పిడకలు తాగాను, వేపాకు తాగాను. ఇలాంటిది తాగలేదు. హిమజ రెండుసార్లు ఊదింది. ముందు సుధీర్ తుమ్మాడు. తర్వాత అత్తగారు శేషారత్నంగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చిపడ్డారు. "ఏ సచ్చినోళ్ళురా మిరగాయలు తగలబెట్టింది!" వీరాంజనేయులుగారు దగ్గుతూ రోడ్డు మీదికి పోయారు. ఈగలు దగ్గలేవు కనుక ఇల్లే వదిలేశాయి. పెట్టెలోంచి ధారగా లేచి, గిర్రున ఒక చుట్టు తిరిగి, గుమ్మడికాయంత గుత్తిగా స్కూటర్ హ్యాండిల్‌కు వేలాడాయి.

"అయిపాయె," అన్నారు మావగారు కళ్ళు తుడుచుకుంటూ. "పెట్టె వదిలిన ఈగ కాసేపే ఆగుద్ది. తర్వాత ఏ కొండకో పోద్ది."

హిమజ కళ్ళలోనూ నీళ్ళే. అన్నీ మిరప నీళ్ళు కావు. నన్ను నేలమీద పెట్టేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి, పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు ఆ గుత్తి మీద చిలకరించింది. రెక్క తడిసిన ఈగ తొందరగా లేవదు. ఖాళీ పెట్టె దాని కిందికి తేవాలి. పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

సుధీర్ పక్క ఊరి వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. వచ్చి పెట్టె పట్టుకున్నాడు.

"కదలకు."

"కదలట్లేదు. వణుకుతున్నా."

"వణుకు పర్లేదులే."

పాపాయి తల నిమిరినట్టు ఆమె అరచేత్తో గుత్తిని పైనుంచి కిందికి నిమిరింది. ఈగలు ముద్దలు ముద్దలుగా పెట్టెలో పడ్డాయి. రాణి లోపలికి చేరగానే మిగిలినవి వాటంతటవే బారులు తీరి నడిచాయి. ఎవరూ నన్ను పిలవలేదు. బాధగా ఉన్నా ఒప్పుకోవాలి. ఒకే ఒక్క ఈగ సుధీర్ ముక్కు మీద కుట్టింది. అతను పెట్టె వదల్లేదు! మూత పడ్డాక హిమజ గోటితో ఆ ముల్లు తీసి, అక్కడ ఉఫ్ ఉఫ్ మని ఊదింది. అవసరానికి మించి ఊదింది. ఊదడంలో అనుభవమున్నదాన్ని కనుక చెబుతున్నాను.

శేషారత్నంగారు నన్ను చింతపండు, బూడిద పెట్టి మూడుసార్లు తోమి, మూడుసార్లూ తుమ్మి, ఎండలో బోర్లించారు. అప్పుడు వీరాంజనేయులుగారి ఫోన్ మోగింది. అవతల వ్యాపారి. బయల్దేరారా అంటున్నాడు.

మావగారు స్కూటర్ వైపు చూశారు. దాని మీద ఒక్క ఈగ లేదు. మెత్తటి గుడ్డతో అద్దం కూడా తుడిచి ఉంది.

"ఎట్టా వచ్చేదయ్యా," అన్నారు ఆయన, "బండి నిండా ఈగలు వాలినయ్యి. ఎప్పుడు లేస్తయ్యో మా కోడల్ని అడగాల."