మోకాళ్ళ మీద రాసిన పుస్తకాలు

మా బావగారి మీద నా కోపమంతా ఆ బల్ల గురించే. అత్తగారు పోయిన నెలకే ఆవిడ పేరున ట్రస్టు పెట్టేశారు గనక అందరూ ఆయన్ని ట్రస్టు బావగారు అంటారు. "అమ్మాయ్, ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, అమ్మ జ్ఞాపకార్థం సంఘమంతా ఇంటికొస్తుంది. అమ్మ రాసుకున్న బల్ల అద్దంలా మెరవాలి" అని గుడ్డ నా చేతిలో పెట్టి వెళ్ళారు.

అది మామగారి బల్ల. దాని మీద ఆయన పేపరు చదివేవారు, గోళ్ళు తీసుకునేవారు, మధ్యాహ్నం తల వాల్చి గురకపెట్టేవారు. అత్తగారు దాని దగ్గరికి వెళ్ళిందల్లా నాలాగే, గుడ్డ పట్టుకుని. పదకొండు పుస్తకాలు రాశారావిడ, ఒక్క అక్షరమైనా ఆ బల్ల మీద రాయలేదు. సంఘంలో ఏ ఇంటికెళ్ళినా ఎవరో ఒకామె దిండు కింద ఆవిడ పుస్తకం ఉంటుంది. జ్వరమొచ్చిన బిడ్డ పక్కన మేలుకుని ఉన్నప్పుడు, మొగుడు మొహం చూడని రోజున చదువుకోడానికే రాసినట్టుంటాయవి. అవి ఎప్పుడు రాశారో, ఎక్కడ రాశారో ఇంట్లో ఎవరూ అడగలేదు. కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా మామగారు అట్ట తిప్పి చూసి, "ఇదా, కూర మాడిన రోజుల్లో రాసింది?" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఈ ఇంట్లో ఆడదాన్ని ఎప్పుడైనా, దేనికైనా పిలవచ్చు. స్నానం చేస్తుంటే "నా సాక్సులెక్కడ?" అని తలుపు కొడతారు. ఒంట్లో బాగోలేక పడుకుంటే "లేవక్కర్లేదులే, పంచదార ఎక్కడుందో చెప్పు చాలు" అంటారు. ఒక్క ప్రార్థనకే మినహాయింపు. అత్తగారు పొద్దునా సాయంత్రం గది గడియ పెట్టుకునేవారు. అప్పుడు మామగారు కూడా చెప్పులు విప్పి నడిచేవారు. "ష్, అమ్మ మోకాళ్ళ మీద ఉంది" అని పిల్లల నోళ్ళు మూసేవారు.

నా పెళ్ళయిన కొత్తలో ఒకసారి గడియ సరిగ్గా పడలేదు. గది ఖాళీ అనుకుని మడతపెట్టిన బట్టలతో లోపలికెళ్ళాను. మంచం పక్కన మోకాళ్ళ మీదే ఉన్నారు, నిజమే. కానీ మోచేతుల మధ్య కాగితాలు, పళ్ళ మధ్య పెన్ను మూత.

"తలుపెయ్యి పిల్లా" అన్నారు మూత తీసి.

"ప్రార్థన అన్నారు కదత్తయ్యా?"

"రాసుకుంటున్నానంటే ఎవరో ఒకరు టీ అడుగుతారు. దేవుడితో మాట్లాడుతున్నానంటే ఆయనతో పోటీకి రారు."

"పోనీ కుర్చీలో కూర్చోవచ్చుగా?"

"అబద్ధం సగమైనా నిజం కావాలిగా" అని మోకాళ్ళు సర్దుకున్నారు. పెన్ను అందుకుంటూ, "అయినా ఇది ప్రార్థన కాదని నీకెవరు చెప్పారు?" అన్నారు.

ఆ రోజు నుంచీ ఆ తలుపుకి నేనే కాపలా. నాకూ రాయాలని ఉందని ఒకసారి చెబితే, "నీ మోకాళ్ళు మాత్రం పాడుచేసుకోకు" అన్నారు. మా ఆయనకి చెబితే, "ఒక ఇంటికి ఒకళ్ళు చాల్లే" అన్నారు. చివరి రోజుల్లో అత్తగారు మెట్లు దిగలేకపోయారు. ఒళ్ళు తుడిచేటప్పుడు చూసేదాన్ని, మోకాళ్ళు నల్లగా కాయలు కాచి, చెప్పు అట్టల్లా ఉండేవి.

ఆదివారం మా ఇంట్లో పాస్టరుగారు ఆ మోకాళ్ళ మాటే ఎత్తుకున్నారు. "ప్రార్థనతో కాయలు కాచిన మోకాళ్ళు! ఈనాటి కోడళ్ళకి ఎక్కడున్నాయి అలాంటివి?" అన్నారు. మగవాళ్ళంతా ఆమెన్ అన్నారు. కొత్తగా పెళ్ళయిన ఒకమ్మాయి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మీదికి లాక్కోవడం చూశాను. బావగారు అత్తగారి గురించి సాక్ష్యం చెప్పమని నా పేరు పిలిచారు. మా ఆయన నా చెవిలో, "అమ్మ ప్రార్థన గురించి రెండు మాటలు చాలు, ఇంకేం కెలక్కు" అన్నారు. నిజం చెబితే ఆవిణ్ణి అబద్ధాలకోరంటారు. చెప్పకపోతే ఆ మోకాళ్ళు చూపించి ప్రతి కోడలి మెడా వంచుతారు.

"మా అత్తగారు ఈ బల్ల మీద రాయలేదు" అన్నాను. "ప్రార్థన చేస్తున్నానని చెప్పి, మంచం పక్కన మోకాళ్ళ మీద రాశారు. కుర్చీలో కూర్చుంటే మేం లేపేసేవాళ్ళం. ఆ కాయలు మేం కాయించినవే."

బావగారు దగ్గారు. అంతలో వెనక వరసలోంచి ముసలి దర్జీ ఆవిడ, "ఆ పుస్తకాలు చదవడానికి నేను కడుపునొప్పని పడుకునేదాన్నమ్మా" అంది. "నాకైతే తలనొప్పి" అంది ఇంకొకామె. నవ్వు మొదలై ఆడవాళ్ళ వైపంతా పాకింది. పాస్టరమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు కంగారుగా "ప్రార్థన చేద్దాం" అనేసరికి అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఎన్నేళ్ళ నుంచో నా గుండెల మీదున్న గడియ ఊడినట్టయింది.

"అమ్మ పరువు తీశావ్" అన్నారు మా ఆయన, అందరూ వెళ్ళాక.

"కాదండీ. అత్తయ్యని ఇన్నాళ్ళకి కుర్చీలో కూర్చోబెట్టాను."

మర్నాడు సాయంత్రం, బల్ల మీద బావగారు పెట్టిన 'ముట్టుకోరాదు' అట్ట పక్కకి తీసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆయన గుమ్మంలో ఆగి, అలవాటుగా చెప్పులు విప్పి, గొంతు తగ్గించి, "ప్రార్థనా?" అన్నారు.

"రాసుకుంటున్నాను."

"మరి టీ?"

"మీరు పెట్టుకునేటప్పుడు నాకూ ఒక కప్పు పెట్టండి."

చెప్పులు గుమ్మంలోనే వదిలి లోపలికెళ్ళారు. తర్వాత వంటింట్లోంచి "పంచదార ఎక్కడుంది?" అని కేక వినిపించింది. నేను వాక్యం మధ్యలో ఉన్నాను. కాసేపటికి డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుస్తున్న చప్పుడు మొదలైంది.