ఇది మీరేనా?

గిన్నెలు తోముతుంటే ఫోన్ మోగింది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి మా ల్యాబ్ మేడం! సబ్బు చెయ్యి నైటీకి తుడుచుకుని ఎత్తాను.

"మీ జవాబు చూసి ప్రాణం ఉసూరుమందండీ. పదకొండేళ్ళుగా మందుబిళ్ళలు పరీక్షిస్తున్నారు. కొత్త ల్యాబ్‌కి ఇన్‌చార్జిగా రమ్మంటే వద్దంటారా?"

"ఏ జవాబు మేడం? నాకసలు ఏమీ రాలేదే!"

"మీ సొంత మెయిల్‌కే పంపాం. జవాబూ అక్కణ్ణుంచే వచ్చింది. పదింటికి లిస్టు పైకి వెళ్ళిపోతుంది. నోటిమాట చెల్లదు, ఆ మెయిల్ నుంచే ఒక్క ముక్క రాసి పడేయండి. మీ పేరు పెట్టే పూచీ నాది" అన్నారు.

వేలు పెడితే ఫోన్ తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టాను. ఊహూఁ. అంట్లు తోమి తోమి వేలిగీతలు అరిగిపోయాయి, రోజూ ఇదే తంతు. "నీ ఫోన్‌కి నువ్వెవరో తెలీదోయ్" అని మా ఆయన నవ్వుతారు. ఆయన బొటనవేలు తగిలితే మాత్రం ఠక్కున తెరుచుకుంటుంది. అంకెలు కొట్టి లోపలికి వెళ్ళాను.

ఆఫీసు మెయిల్లో చదవనివి నలభై రెండు, అన్నీ ముద్దక్షరాల్లో నామీద గుడ్లురుముతూ ఉన్నాయి. వాటిని ఆయన ముట్టుకోరు. అందులో ఉండేది పనే కదా! నా సొంత మెయిల్ మాత్రం ఆయన ఫోన్‌లోనూ ఉంటుంది. పెళ్ళైన కొత్తల్లో తనే తెరిచిపెట్టారు, పాస్‌వర్డూ తనే పెట్టారు. అందులో ముద్దక్షరాలు నేనెప్పుడూ చూసి ఎరగను, ఏదొచ్చినా ఆయన చదివాక సన్నబడే నా దగ్గరికి వస్తుంది. "నీకెక్కడ తీరుతుంది, ముఖ్యమైనవి నేను చెప్తాగా" అంటారు. నా చిన్నప్పటి స్నేహితురాలు ఊళ్ళోకి వస్తున్నానని రాస్తే, అది వచ్చి వెళ్ళిపోయిన నెలకి చెప్పారు. ఒకసారి పాస్‌వర్డ్ మారుద్దామంటే అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "మొగుడూ పెళ్ళాల మధ్య తాళాలేంటమ్మా, విడ్డూరం కాకపోతే!"

పంపినవాటిలో వెతికాను. ఉంది. గురువారం మధ్యాహ్నం రెండుంబావు. ఆ టైముకి నేను ల్యాబ్‌లో చేతికి గ్లౌజులు వేసుకుని బిళ్ళలు లెక్కపెడుతున్నాను. "మీరు నాపై ఉంచిన నమ్మకానికి కృతజ్ఞురాలిని. పాప చదువు, అత్తగారి ఆరోగ్యం దృష్ట్యా ఈ బాధ్యత స్వీకరించలేను. నాకు కుటుంబమే ముఖ్యం." కింద నా పేరు. కృతజ్ఞురాలినట! ఎంత బాగా నేనైపోయారు! నేను రాసినా అంత వినయంగా రాయలేను. కోపం వచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మీద ఇంకా కోపం వచ్చింది.

తొమ్మిదీ నలభై. "వస్తాను" అని రాశాను. పంపబోయి ఆగాను. హాల్లో సోఫా మీద ఆయన చేతిలో ఫోనుంది. నేను పంపిన మరుక్షణం చూస్తారు, చూస్తే పదింటిలోపే నా పేరుతో ఇంకో కృతజ్ఞత రాస్తారు. వెళ్ళి అడిగితే? "నీ మంచికేగా" అంటారు, అత్తగారొస్తారు, పది దాటిపోతుంది. ముందు గడియ వేయాలి. పాస్‌వర్డ్ మార్చే చోటికి వెళ్ళాను. పాతది చెప్పమంది. అది నాకు తెలిస్తేగా! 'మర్చిపోయాను' అని నొక్కాను. నేను మర్చిపోయిందేమీ లేదు, నాకెవరూ చెప్పలేదు. కానీ అలా నొక్కడానికి అక్కడ చోటు లేదు.

'ఈ మెయిల్ తెరిచి ఉన్న మరో ఫోన్‌కి ఒక ప్రశ్న పంపాం. దయచేసి వేచి ఉండండి' అంది.

హాల్లో టింగుమంది.

"ఏమండీ..." అన్నాను. కుళాయి కట్టేయలేదని అప్పుడు గుర్తొచ్చి కట్టేశాను.

"ఇదిగో, విన్నావా!" హాల్లోంచి కేకేశారు, హుషారుగా. "ఎవడో నీ మెయిల్లోకి దూరాలని చూస్తున్నాడు."

నా చేతిలో తెర ఒక్కసారి తెల్లబడింది. నేను రాసిన "వస్తాను" కనబడలేదు. 'భద్రత కోసం మిమ్మల్ని బయటికి పంపించాం' అని ఉంది.

"ఇది మీరేనా అని అడిగింది. కాదని నొక్కేశాను. ఇంక నీకేం భయం లేదు!"