బావగారి అట్టడుగు స్వరం

ఆవిడ శాలువాకి ఎన్నిసార్లు ఉతికినా ఇత్తడి వాసన పోదు. కింది వాటాలో పసిపిల్ల పడుకునే వేళకే భర్తకు సాధన గుర్తొస్తుంది. ఆయన టెనర్ శాక్సఫోన్ అందుకోగానే చప్పుడు తగ్గేలా దాని గరాటు మూతిలో శాలువా కుక్కడం ఆవిడ వంతు. అయ్యాక లాగెయ్యడమూ ఆవిడ వంతే. కాపురం పెట్టిన కొత్తలో మొదలైన ఏర్పాటది.

సర్కస్ బ్యాండులో మొదలుపెట్టి, ఓడల మీద డ్యాన్సులకు వాయించి, చివరికి ఓ హోటల్ జాజ్ బృందంలో కుదురుకున్నాడాయన. బృందం నాయకుడు ఆవిడ సొంత తమ్ముడే.

ఆయన కట్టుడు పళ్లు పెట్టించుకున్న వారమే గొడవ మొదలైంది. పై స్వరాలు హాయిగా సాగుతున్నాయి. అట్టడుగు స్వరం మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఆగిపోతోంది.

"బావా, ఆ పళ్లతో కష్టం. ఆదివారం రిహార్సల్లో ఆ స్వరం పలికిందా సరే, లేదంటే నీ కుర్చీ ఇంకొకరికిస్తా," అన్నాడు తమ్ముడు.

"నా పళ్లు ఊడితే నీకెందుకురా అంత సంబరం?" అని నవ్వాడాయన. ఆ పూట భోజనం మధ్యలోనే లేచాడు.

ఇంట్లో విని లోపం పట్టుకోవడం ఆవిడ వల్ల కాలేదు. శాలువా ఉంటే ఆ స్వరం ఎలాగూ మూలుగుతుంది. పైగా ఆవిడ గొడవ ఆవిడది. మనవడికి అల్లిన పసుపు ఉన్ని టోపీ కనబడక పక్కింటి పిల్లిని దుమ్మెత్తిపోస్తోంది.

ఆదివారం ఆవిడ ముందు వరసలో కూర్చుంది. ఆయన స్వరాల్లో మెట్టు మెట్టుగా కిందికి దిగాడు. అడుగుకొచ్చేసరికి తుస్సుమంది. డ్రమ్ములాయన దగ్గాడు. మళ్లీ ఊదాడు, మళ్లీ తుస్సు. తమ్ముడు బూట్ల వంక చూసుకున్నాడు.

అప్పుడే గరాటు అంచున సన్నటి పసుపు దారం ఆడింది.

"ఏమండీ, ఆగండి!" ఆవిడ వేదికెక్కింది.

"అక్కా, ఇది మీ వంటిల్లు కాదు!"

"వంటిల్లయితే ఇంత వెతుక్కునేదాన్ని కాదురా."

చెయ్యి ముంజేతి దాకా దూర్చి లాగింది. తడిసి ముద్దయిన టోపీ బయటికొచ్చింది. ఉన్ని బుట్టలోంచి శాలువా లాగిన రోజు, మడతలో ఇదీ వెళ్లిందన్నమాట.

"ఇదేమిటే?" అన్నాడాయన.

"మీ మనవడి టోపీ. ఆ పిల్లిని ఊరికే ఆడిపోసుకున్నాను."

"నేనేమో పళ్లని ఆడిపోసుకున్నా," అన్నాడు తమ్ముడు చెవి గోక్కుంటూ.

ఆయన నిండుగా ఊపిరి పీల్చి ఊదాడు. వేదిక చెక్కలు గుయ్యిమన్నాయి. ఆవిడ అరికాళ్లు జివ్వుమన్నాయి.

"చాలు బావా! కుర్చీ నీదే!"

ఆగమన్నట్టు వేలెత్తి, మొహం కందగడ్డయ్యే దాకా ఆయన ఆ స్వరాన్ని వదల్లేదు.

ఆవిడ టోపీని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. ఇంకొకటి అల్లక తప్పదు. ఈసారి ఎర్రది. ఇత్తడిలో పసుపు కలిసిపోయి చావదూ మరి.