నెమలికంఠం గడి

నేను ఒక బొంతను. ఆ మాట వినగానే మొహం అలా పెట్టకండి. బస్టాండు అరుగు మీద చుట్టగా పడి ఉండే రకం కాదు నాది. తణుకులో ఒక పరువైన ఇంట్లో, హాలు మధ్యలో, ఫ్యాను కింద పుట్టాను. నాలో ఏ గడికి ఆ గడి వేరే నమూనా. ఒకదాంట్లో నక్షత్రం, ఒకదాంట్లో పూలబుట్ట, ఇంకోదాంట్లో గాలిపటంగా మొదలై చేపగా తేలిన బొమ్మ.

నన్ను కన్నది హైమవతి. ఫోనులో ఎవరో పరదేశపు ఆవిడ ఇలాంటిది కుడుతుంటే చూసి, ‘ఓస్, ఇంతేనా’ అనుకుంది. మనుషులు తలకు మించిన పనులన్నీ ఈ ‘ఇంతేనా’తోనే మొదలుపెడతారని నాకు తర్వాత తెలిసింది. వెనక వసారాలో పాతబట్టల మూట విప్పి, నచ్చినవల్లా కత్తిరించింది. పిల్లల గౌన్లు, కిటికీ పరదా, భర్త సత్తిరాజు పెళ్లినాటి చొక్కా. ఆ చొక్కాలో ఇప్పుడు ఆయన చెయ్యి ఒక్కటే పడుతుంది కనుక ఎవరూ బాధపడలేదు.

చిక్కంతా నెమలికంఠం రంగు జరీ చీరతో వచ్చింది. అది అత్తగారు పేరిందేవమ్మది. పోయిన మామగారు ఆవిడకు మొట్టమొదట కొనిచ్చిన చీర. మడతల దగ్గర చిరిగిపోయినా బీరువా అడుగున దాచుకుంది. అది నా నడిమి గడిలో పువ్వై కనిపించేసరికి ఆవిడ ఉన్నచోటే కూలబడింది.

“నా బీరువాలో చెయ్యెట్టేవంటే?”

“మూటలో ఉంటే మీరే తీసేశారనుకున్నానండి అత్తయ్యా.”

ఆవిడ నమ్మలేదు. ఆ రోజు నుంచి అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు.

నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ సత్తిరాజూ. పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే నూకాలు దగ్గర, బిగుతు మూత ఉన్న పెద్ద డబ్బా మీద ఆయన మనసు పడింది. జరీ చీర వేస్తేగాని అది రాదంది నూకాలు. తల్లి ఇంట్లో లేని సమయం చూసి, బీరువాలోంచి చీర లాగి మూటలో దూర్చింది ఆయనే. ఆ చేతుల చెమట నాకింకా గుర్తుంది. చెబితే తల్లి తిడుతుంది, చెప్పకపోతే ఆ తిట్లు పెళ్లాం తింటుంది. ఆయన రెండోదే ఎంచుకున్నాడు.

హైమవతికి అన్నం సయించడం మానేసింది. ఇన్నేళ్ల కాపురంలో దొంగ అనిపించుకోవడం ఆమెను లోలోపల తినేసింది. ముక్కలైన చీర ఎలాగూ తిరిగి రాదు. కనీసం బొంత పూర్తిచేసి అత్తగారికే కప్పాలని పంతం పట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని, నన్ను ఒళ్లో పరుచుకుని, నా పొరలన్నీ కలిపి కుట్టసాగింది.

పేరిందేవమ్మది బొంతలు కుట్టి పండిపోయిన చెయ్యి. కోపాన్ని ఎన్నాళ్లయినా మోయగలదు గాని, వంకర కుట్లను చూసి ఊరుకోలేదు. ఒక పూట సూది తెచ్చుకుని నా అవతలి అంచున చతికిలబడింది.

“ఒరే సత్తీ, కుట్టు సన్నంగా రావాలని మీ ఆవిడకి చెప్పరా. ఇందులో కాలి బొటనవేలు పడతాది.”

“ఏవండీ, నాకు చేతనైనట్టు వేస్తున్నానని అత్తయ్యకి చెప్పండి.”

సత్తిరాజు పేపరు అడ్డం పెట్టుకుని అటూ ఇటూ తలాడించాడు. ఈ కబుర్లు మోయడమే తన శిక్ష అనుకున్నాడు, పాపం. అసలుది గుమ్మంలోకి వచ్చింది.

“బాబుగారండీ, డబ్బా తెచ్చానండి. అమ్మగారి నెవలికంఠం చీరిస్తానన్నారు కదండీ” అంది నూకాలు.

అత్తాకోడళ్లు దిగ్గున లేచారు. వాళ్లతోపాటు నేనూ లేచాను. ఒళ్లో పెట్టుకుని కుట్టిన కుట్టులో ఎవరి చీర కుచ్చిళ్లు వాళ్లు నాకు కలిపి కుట్టేసుకున్నారు. మాటలు మానేసి, తలలు దించుకుని, పంతాలకు పోయి కుడితే ఇలాగే ఉంటుంది. సత్తిరాజు పెరటి వైపు జారుకున్నాడు. ఆవిడ అటు లాగింది, ఈవిడ ఇటు లాగింది, నా ప్రాణం పోయినంత పనైంది.

“అమ్మాయ్, ముందు కుడికాలెయ్యి” అంది పేరిందేవమ్మ.

అన్నాళ్ల తర్వాత కోడలితో నేరుగా అన్న మొదటి మాట అది. ఇద్దరూ నన్ను మధ్యలో వేలాడేసుకుని, పక్కవాటుగా అడుగులేస్తూ వెళ్లి ఆయన్ని నూతి దగ్గర పట్టుకున్నారు.

“డబ్బా కోసం మీ నాన్న కొనిచ్చిన చీర అమ్ముకుంటావంట్రా?”

“జంతికలు మెత్తబడిపోతున్నాయమ్మా” అన్నాడు సత్తిరాజు.

పేరిందేవమ్మ కొడుకును వదిలేసి కోడలి వైపు తిరిగింది. “నిన్ను ఊరికే అన్నానే. పొద్దున్నుంచీ ఏవన్నా తిన్నావా?” హైమవతి ఏడుస్తూ నాతోనే కళ్లు తుడుచుకుంది. నాకు అంత సంతోషం మళ్లీ కలగలేదు.

విడిపించడానికి ఆమె కుట్టు విప్పబోతే అత్తగారు చెయ్యి పట్టుకుంది. “కుట్టు విప్పకు. చీరలే కత్తిరించెయ్.” ఆ రెండు ముక్కలూ నా వెనకవైపు ఇప్పటికీ ఉన్నాయి.

డబ్బా కూడా వచ్చింది. బదులుగా సత్తిరాజు ఇస్త్రీ చొక్కాలు నూకాలు మూటలో వెళ్లిపోయాయి.

ఇప్పుడు నేను పేరిందేవమ్మ మంచం మీద ఉంటున్నాను. చలికాలం ఆవిడ నెమలికంఠం గడి చెంప కిందికి వచ్చేలా సర్దుకుంటుంది. టీవీ చూస్తూ హైమవతి రెండో వైపు నుంచి కాళ్లు దూరుస్తుంది. మొన్న సత్తిరాజు వణుకుతూ వచ్చి, నా అంచు మెల్లగా పట్టుకుని లాగాడు.

“చలేస్తోందమ్మా.”

టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

“డబ్బా ఉంది కదా, కప్పుకో.”