భుజాల మీద నారు

పనసగుడలో తెల్లారగానే రాజులమ్మకి మూడు పనులు. పొయ్యి రాజేసి అంబలి పెట్టడం, గంప ఎత్తి కోళ్ళని వదలడం, మొగుడి భుజాలకి నీళ్ళు పెట్టడం. మూడోది కాస్త ఓపిగ్గా చెయ్యాలి. ఆనపబుర్రతో ధారగా పోస్తే వేళ్ళు కదిలిపోతాయి. అందుకని ఆమె అరచేతిలో పోసుకుని చిలకరించేది. అంతసేపూ గాసి అరుగు మీద గొంతుక్కూర్చుని, మెడ తిప్పకుండా అంబలి తాగేవాడు. అతని రెండు భుజాల మీదా, వీపు సగం దాకా, జానెడు చోడి నారు, అంటే రాగి నారు, పచ్చగా నిలబడి ఉండేది. చైత్రం నుంచి తొలకరి దాకా ఏటా ఇదే తంతు. ఆ రెండు నెలలూ అతను వెల్లకిలా పడుకోడానికి లేదు. బయటికెళితే మేకలు వెంటపడేవి.

ఇది మొదలై పదకొండేళ్ళయింది. చైత్రంలో వచ్చే ఇటికల పండగకి ఆ కొండల్లో మగాళ్ళంతా వేటకి పోతారు. వేట కొట్టినవాడికి డప్పు, సారా, ఊరి నడుమ పరిచిన బండల మీద చోటు. ఉత్త చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు కుండలతో పేడనీళ్ళు కొడతారు, వాడి మీద నోటికొచ్చిన పాట కడతారు. పెళ్ళామైనా సరే కొట్టాల్సిందే. మర్నాడు వాగులో మునిగితే పోతుంది, అదంతా నవ్వులాటే. కాని ఒక్క వేటైనా కొట్టని మగాడు ఆ బండల మీద కూర్చోకూడదు. అది మాత్రం నవ్వులాట కాదు. తగువులు, పెళ్ళి మాటలు, కల్లు పంపకాలు అన్నీ అక్కడే. కన్నకూతురు రత్న పెళ్ళి మాటలు కూడా గాసి పక్కన నిలబడే విన్నాడు. అతనికి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే, ఆ బండ మీద కూర్చోవాలి.

మొదటి ఏడు ఎంత తోమినా భుజాల మీది పేడ మరక వదల్లేదు. మూడో రోజుకి మొలకలొచ్చాయి. ఊళ్ళో రోగానికైనా ముహూర్తానికైనా పెద్ద దిక్కు దిసారి. ఆ ముసలాయన వచ్చి ఒక మొక్క పీకి, వేరు చూసి, "సోడే. మంచి నారు," అని వెళ్ళిపోయాడు. వానలు పడగానే పీకి నాటారు. పీకేకొద్దీ కొత్తది లేచింది, ఊరందరికీ సరిపోయింది. ఒక్కో వెన్ను పిడికెడంత కాసింది. వాన తప్పినా మంచు తాగి బతికే పంట అది. ఒకటే లోటు, ఆ గింజ తినడానికే గాని విత్తితే మొలవదు. మళ్ళీ కావాలంటే మళ్ళీ చైత్రం రావాలి, మళ్ళీ గాసి ఓడిపోవాలి.

ఓడిపోయాడు. మొదటి మూడేళ్ళూ సొంతంగానే ఓడిపోయాడు, దాచడం దేనికి. తొందరపడి బాణం వదిలేవాడు, గాలి చూసుకునేవాడు కాదు. కాని గురి తప్పినవాడికి ఎందుకు తప్పిందో ఆలోచించుకోడానికి ఏడాదంతా ఉంటుంది. గాసి ఆలోచించాడు. అడుగులో మట్టి తడి చూసి జంతువు ఎప్పుడు వెళ్ళిందో చెప్పే స్థితికొచ్చాడు. ఎండుటాకుల మీద చప్పుడు లేకుండా నడవడం వచ్చింది. బాణం ఎన్ని రకాలుగా తప్పుతుందో అతనికి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. దాంతో ఊళ్ళో కుర్రాళ్ళంతా విల్లు పట్టడం అతని దగ్గరే నేర్చుకున్నారు, నేర్చుకుని ఒక్కొక్కడే వేట కొట్టి బండలెక్కి కూర్చున్నారు. ఓటమి గెలుపుకి మెట్టంటారు. ఎక్కేవాడు అలాగే అంటాడు, తొక్కించుకున్న మెట్టుని ఎవరడిగారు?

నాలుగో ఏటి నుంచి ఊరు జాగ్రత్తపడింది. డప్పులు కొట్టి జంతువుల్ని తోలేవాళ్ళు ఒకవైపు ఉంటే, విల్లు పట్టుకుని కాపు కాసేవాళ్ళు ఇంకోవైపు ఉంటారు. ఎవరు ఎక్కడ కాపు కాయాలో చెప్పేది ఊరిపెద్ద సోములు. అతను గాసిని ఏటా బోడిగట్టు మీద పెట్టేవాడు. అక్కడ నీళ్ళు లేవు, మేత లేదు. ఉడత కూడా దారి తప్పితేనే వస్తుంది.

"అన్నా, ఈపాలి నన్ను వాగు కాడ ఎట్టు," అని గాసి ఏటా అడిగేవాడు.

"నీనాంటి పనోడు గట్టు మీద నేకపోతే ఎలాగరా? ఇటు తప్పిపోయినవి అటే గదా ఒస్తాయి," అనేవాడు సోములు.

"ఇన్నేళ్ళలో ఒక్కటీ రానేదు గదన్నా."

"ఈ యేడు ఒస్తాదేమో. సూద్దాం."

అందరికీ తెలుసు, గాసికీ తెలుసు. పండగకి వారం ముందు నుంచే ఆడవాళ్ళు అతని కోసం మంచి పేడ ఏరి దాచేవారు. తిట్టే పాటలో కూడా కాస్త ముద్దు కలిపేవారు. ఊరంతా అతని ఓటమిని అంత ప్రేమగా పెంచింది.

పదకొండో ఏడు గడ్డు ఏడు. తెల్లదొరల మీద కొండల్లో లేచిన ఫితూరీ అణిగాక సర్కారువాళ్ళు ఊళ్ళో ఉన్న రెండు తుపాకులూ పట్టుకుపోయారు. పై కొండ చుట్టూ రాళ్ళు పాతి, అది రిజర్వు అడవి, పోడు కొట్టకూడదన్నారు. ఆపైన వానలు మొహం చాటేశాయి. గాసి పంట ఒక్కటే చేతికొచ్చింది, అది కూడా మాఘంతో అయిపోయింది. రత్న నెలల పిల్లతో పుట్టింటికొచ్చింది. ఇంట్లో ఉన్నది కిందటేటి మామిడి టెంకల జీడి. ఆ జీడి దంచి కాచిన అంబలి తాగితే తల్లికి పాలెక్కడివి? ఆ చంటి గుంట రోజంతా ఏడ్చేది.

మళ్ళీ పండగొచ్చి వేటకి బయల్దేరుతుంటే రాజులమ్మ గుమ్మం దాకా వచ్చింది. "బేగి ఒచ్చీ మావా. పేడ కలిపీసి ఉంచుతాను," అంది.

మిట్టమధ్యాహ్నం బోడిగట్టు మీదికి కణుజు దుప్పి వచ్చింది. డప్పులు మోగుతున్న వైపు నుంచి కాదు, వెనక రిజర్వులోంచి, కొమ్ములూపుకుంటూ తాపీగా వచ్చింది. ముప్పై అడుగుల్లో పక్కకి తిరిగి నిలబడింది. గాలి గాసి మొహానికే కొడుతోంది. అతను విల్లు లాగాడు. పదకొండేళ్ళు తప్పి తప్పి నేర్చుకున్నదంతా చేతుల్లోకి వచ్చి కుదురుగా కూర్చుంది. ఈ బాణం తప్పదని అతనికి తెలుసు. బండల మీద తన చోటు కూడా కనబడింది, సోములు పక్కన, ఎండ పడని వైపు. ఆ వెంటనే మనవరాలి ఏడుపు గుర్తొచ్చింది. ఈ కణుజు పడితే భుజాల మీద నారుండదు, నారు లేకపోతే ఊరికి తిండుండదు.

గాసి విల్లు రెండు వేళ్ళంత పైకెత్తి వదిలాడు. బాణం కణుజు వీపు మీదుగా పోయి తుప్పల్లో పడింది. అది అతనివైపు ఒకసారి చూసి, పెద్ద కంగారు లేకుండా దిగిపోయింది. గాసి అక్కడే కూలబడి ఏడ్చాడు. కొట్టలేనప్పుడు ఎన్నడూ ఏడవని మనిషి.

ఊళ్ళోకొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆడవాళ్ళు పేడనీళ్ళు కొట్టారు, అతను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. బండల మీద కూర్చున్న వాళ్ళందరికంటే తానే పెద్దవాడినని ఆ ఒక్క పూటా అనిపించింది. మూడో రోజున భుజం తడుముకున్నాడు. ఏమీ లేదు. నాలుగో రోజూ లేదు. రాజులమ్మ పొద్దున్నా సాయంత్రమూ నీళ్ళు చిలకరించింది, గోరుతో గీకి చూసింది. ఆడవాళ్ళు మళ్ళీ కొట్టారు, ఈసారి పాటలు లేవు. తొమ్మిదో రోజుకి ఊళ్ళో పేడ అయిపోయింది. ఓడినవాడికీ, కావాలని ఓడివచ్చినవాడికీ తేడా మనుషులకి తెలియలేదు. పేడకి తెలిసింది.

పదో రోజున బండల దగ్గర పిలిపించారు.

"ఏటి కొట్టినావు? ఎక్కడ దాసినావు?" అన్నాడు సోములు.

"ఏటీ కొట్టనేదన్నా."

బోడిగట్టంతా వెతికించారు. తుప్పల్లో గాసి బాణం ఒకటి దొరికింది. దానికి నెత్తురు లేదు.

"కడిగీసినాడు," అన్నారెవరో.

నిజం చెప్పాలని గాసికి గొంతు దాకా వచ్చింది. మీ కోసం వదిలేశానంటే ఆ ఆకలి మొహాల్లో ఎవడు నమ్ముతాడు? నోరు మూసుకున్నాడు. దిసారి అతని వీపు మీద చెయ్యి వేసి చూసి తేల్చేశాడు: "ఒళ్ళు మొలవనేదంటే ఏట కొట్టినట్టే. ఏట కొట్టినోడికి సోటివ్వాలి."

ఊరి కట్టు కట్టే. డప్పు లేదు, సారా లేదు, చోటు మాత్రం ఇచ్చారు. "ఊరికి ఎట్టకండా ఒక్కడివే తిన్నావు గదా, కూకో," అన్నాడు సోములు. గాసి కూర్చున్నాడు. పక్కనున్నవాడు, అతని దగ్గరే విల్లు నేర్చుకున్నవాడు, కొద్దిగా అవతలికి జరిగాడు. తర్వాత ఒక్కొక్కరే పనులున్నట్టు లేచిపోయారు. ఇంత కోరుకున్న బండ వట్టి రాయే. ఎండకి కాలుతోంది కూడా.

ఇంటికొచ్చేసరికి రాజులమ్మ టెంకల జీడి దంచుతోంది. రత్న గోడకి చేరగిలబడి నిద్రపోతోంది, పిల్ల ఒళ్ళో మూలుగుతోంది. గాసి రాజులమ్మ ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాడు. గాలి ఎటుందో, అది ఎంత దూరంలో నిలబడిందో, విల్లు ఎంత ఎత్తాడో, ఏదీ వదలకుండా చెప్పాడు.

"ఎదురుగా నిలబడిందా?" అని అడిగింది.

"నిలబడింది."

"తప్పదని తెలుసునా?"

"తెలుసు."

"మా కోసరం ఒగ్గీసినావా?"

"మీ కోసరమే."

రాజులమ్మ తన మాట నమ్మిందని గాసికి తెలిసింది. ఊళ్ళో నమ్మిన మనిషి ఆవిడొక్కతే. కోపంగా కూడా అనలేదు, రోకలి ఆపకుండా మామూలు గొంతుతోనే అంది:

"కొట్టీసి ఉంటే కూరైనా తిందుం గదా మావా. గుంటకి పాలు పడేవి."